ముప్పై రెండు కార్ల మాట

మధ్యాహ్నం అన్నం బెల్లు ఇంకా పూర్తిగా మోగనే లేదు, ప్రవళిక నోట్లోంచి ముప్పై రెండు కార్లు బయటికొచ్చేశాయి.

నిజానికి ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే కారు. జానెడు పొడవు. ఎర్రటి ఎరుపు. నేలను కరుచుకున్నట్టు కిందికి ఉంది. సూదిలాంటి ముక్కు, వెనక రెక్కలాంటి పట్టీ, పక్కల చేప మొప్పల్లాంటి చీలికలు. స్నేహితుడు హేమంత్ వాళ్ళింట్లో క్యాలెండర్ మీద ఇటలీ కారు బొమ్మ ఒకటి ఉంది. దాన్ని చూసి ప్రవళిక నాయిన రాజన్న రేకు కోసి, కొట్టి, టంకం పెట్టి, రంగు వేసి చేశాడు. కూతురికి పదేళ్ళు నిండిన కానుక.

అయిదో తరగతి మొత్తం ఆ కారు చుట్టూ చేరింది. బెల్లం చుట్టూ చేరే చీమలైనా కాస్త వరసలో ఉంటాయి. వీళ్ళకు ఆ వరసా లేదు.

"ఏడ కొన్నరు?" అన్నాడు ముఖేష్. వాడికి అన్నిటి మీదా అనుమానమే. చాక్లెట్ ఇచ్చినా అటూ ఇటూ తిప్పి చూసిగానీ నోట్లో వేసుకోడు.

"కొనలే. మా నాయిన చేసిండు."

"ఊకో! గింత మంచిది మీ నాయిన చేస్తడా? దుకాణంల కొన్నరు. నాకు తెల్వదా?"

ప్రవళిక చెవులు వేడెక్కాయి. తననేమన్నా పడుతుంది. నాయిన చేతిపనిని అంటే మాత్రం పడదు. రాజన్న యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో రేకుపని చేస్తాడు. ఆయన సుత్తి ఎత్తితే చాలు, వంకర రేకు సిగ్గుపడి తనంతట తానే సాపైపోతుందని ప్రవళిక నమ్మకం.

"మా నాయిన ఏదైనా చేస్తడు. కావాల్నంటే నీకు గూడ చేస్తడు."

"నాకు?" అంది వెనకనుంచి నవ్య.

"నీకు గూడ."

"క్లాసందరికీ చేస్తడా?" అన్నాడు ముఖేష్.

"అందరికీ చేస్తడు! నేను గాక ముప్పై రెండు మంది ఉన్నరు గద. శనివారం కల్లా ముప్పై రెండు కార్లు తెస్తా!"

అప్పటికి బెల్లు ఆగింది. అందువల్ల ఆ మాట వరండా చివరి దాకా వినబడింది.

"తేకపోతే?"

"తేకపోతే మా నాయిన చెయ్యలేదని ఒప్పుకుంటా. అందరి ముందల!"

సరిగ్గా అప్పుడే సుష్మ టీచర్ గుమ్మంలోకి వచ్చింది. "అబ్బ, ఎంత మంచి మాట! అయితే శనివారం వరండాలో కార్ల పందెం పెడదాం. హెడ్‌మాస్టర్ గారికి నేను చెప్తాను" అంది.

ఇక వెనక్కి పోవడానికి దారి లేదు. టీచర్ ఒక చివర నవ్వుతూ నిలబడింది, ముఖేష్ ఇంకో చివర పళ్ళికిలిస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం తార్నాక నుంచి క్యాంపస్ లోపలికి నడుస్తుంటే హేమంత్ అడిగాడు. హేమంత్ వాళ్ళది అనంతపురం వైపు. వాళ్ళ నాన్న రంగనాథ్ సార్ ఆ ఇంజనీరింగ్ కాలేజీలోనే పాఠాలు చెబుతాడు. క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉంటారు.

"మీ నాయన్ను అడిగినావా?"

"అడిగేదేముంది? మా నాయినే గద!"

హేమంత్ వేళ్ళ మీద ముప్పై రెండు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ప్రవళిక వాళ్ళ ఇల్లు క్యాంపస్ పక్కనే, మాణికేశ్వర్ నగర్‌లో. రాజన్న డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. ప్రవళిక నీళ్ళు పోస్తూ మెల్లగా కదిపింది.

"నాయినా, ఎర్ర కారుకు ఎన్నొద్దులు పట్టింది?"

"పదకొండు పొద్దులు బిడ్డా."

పొయ్యి దగ్గరనుంచి అమ్మ సాలమ్మ అందుకుంది. "నన్నడుగు, నేను చెప్త! పదకొండు పొద్దులు ఆ నల్లాల నీళ్ళు కారుకుంటనే ఉన్నయి, ఈయన కారు చేసుకుంటనే ఉన్నడు. ఒక్కనాడన్న అటు దిక్కు చూసిండా?"

ప్రవళిక నోటుబుక్కు వెనక పేజీలో లెక్క వేసింది. ముప్పై రెండును పదకొండుతో గుణిస్తే మూడు వందల యాభై రెండు సాయంత్రాలు! మధ్యలో పండగలూ జ్వరాలూ ఉండనే ఉంటాయి. కార్లన్నీ అయ్యేసరికి ముఖేష్‌కు మీసాలొచ్చి, సుష్మ టీచర్‌కు మనవలు పుట్టి, వరండా పెచ్చులూడి పడిపోయి ఉంటుందనిపించింది.

"నాయినా, ఎవరన్న ముప్పై రెండు కార్లు కావాలంటే?"

రాజన్న నవ్వాడు. ఊరికే అడుగుతోందనుకున్నాడు. "చేతులతోని అయ్యే పనా బిడ్డా? డై ఉండాలె. డై ఉంటే ముప్పై రెండేంది, మూడు వందలైనా టకటక అయితయి."

అప్పుడు ప్రవళిక "డై అంటే ఏంది నాయినా?" అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథ సగానికి సగం తగ్గిపోయేది. అడగలేదు. ఎందుకంటే డై ఏమిటో ఆమెకు బాగా తెలుసు. అది ఎక్కడుందో కూడా తెలుసు.

మర్నాడు బడి వదలగానే హేమంత్ వాళ్ళ పెరట్లో రహస్య సమావేశం జరిగింది.

"మీ డాడీ ఆదివారం ఆదివారం తలకు పూసుకుంటడు గద, నల్లగ. గదేంది?"

"డై."

"గదే కావాలె! డై ఉంటే రేకు కార్లు టకటక అయితయని మా నాయిన చెప్పిండు."

హేమంత్ గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. లెక్కల్లో క్లాసు ఫస్టు కాబట్టి ఆలోచన కూడా మెట్టు మెట్టుగా చేస్తాడు.

"మా నాన్న జుట్టు మామూలుగా కొబ్బరిపీచు మాదిరి ఉంటుంది. డై వేసుకున్నాక మెత్తబడుతుంది. అంటే, డై గట్టివాటిని మెత్తగా చేస్తుంది. రేకుకు పూస్తే రేకు మెత్తబడుతుంది. అప్పుడు చపాతీ పిండి మాదిరి వేళ్ళతో నొక్కేయొచ్చు!"

"చూసినవా! మా నాయిన ఉత్తగనే చెప్తడా మరి?"

స్నానాల గది అద్దం వెనక రెండు ప్యాకెట్లు దొరికాయి. కొబ్బరిచిప్పలో నీళ్ళు పోసి కలిపారు. పాత నూనెడబ్బా రేకు ముక్కలకు పాత బ్రష్షుతో పట్టించారు.

"ఎంతసేపు ఉంచాలె?"

"అరగంట. మా నాన్న అరగంట పేపర్ చదువుతా కూర్చుంటాడు."

"మరి రేకుకు పేపర్ చదివి వినిపించాల్నా?"

హేమంత్ కాసేపు గట్టిగా ఆలోచించి, "అక్కర్లేదనుకుంటా" అన్నాడు.

అరగంట తర్వాత నొక్కి చూశారు. రేకు అణువంత మెత్తబడలేదు. నల్లగా మాత్రం అయింది. దానికంటే నల్లగా ఇద్దరి చేతులూ అయ్యాయి. హేమంత్ ముక్కు గోక్కున్నాడు గనక ముక్కూ అయింది. దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కా మీద ఎవరివో అయిదు వేళ్ళు చక్కగా అచ్చుపడ్డాయి.

లోపలినుంచి కేక వినబడింది. "రమా! నా డై ప్యాకెట్లు యాడ పెట్టినావు?"

"మెల్లగా అనండి! పక్కింటికి వినబడుతుంది" అంది హేమంత్ వాళ్ళ అమ్మ రమాదేవి.

రంగనాథ్ సార్ జుట్టు సంగతి క్యాంపస్‌లో అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి తెలియనిది రంగనాథ్ సార్ ఒక్కడికే.

"రేపు సెమినారుండాది! ఈ తలకాయతో యాట్ల పోయేది?" అంటూ ఆయన మెడ చుట్టూ తువ్వాలతో పెరట్లోకి వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. హేమంత్ చేతులు వెనక్కి దాచుకున్నాడు. ముక్కును ఎక్కడ దాచుకుంటాడు పాపం!

"ఏమిరా ఇది?"

ప్రవళిక ముందుకొచ్చింది. తప్పించుకోవడం ఆమెకు చేతకాదు. ముఖేష్ అన్న మాటలూ, తను అన్న మాటలూ, టీచర్ పందెం, నాయిన చెప్పిన డై, అన్నీ చెప్పేసింది.

రంగనాథ్ సార్ విన్నాడు. పెదవులు బిగించి ఆపుకోవాలని చూశాడు. ఆగలేదు. బట్టలుతికే బండ మీద కూలబడి నవ్వాడు. ఆ నవ్వుకు అంత దూరాన ఆర్ట్స్ కాలేజీ మీది పావురాలు లేచి, అంబర్‌పేట్ దాకా ఎగిరి, సంగతేమిటో కనుక్కుని వెనక్కి వచ్చాయి.

"అమ్మా ప్రవళికా! పేరు ఒకటే గానీ మీ నాయన చెప్పింది నా తలకు పూసే డై కాదమ్మా. రేకును నొక్కే అచ్చు అది. ఇడ్లీపాత్రలో గుంటలుంటాయి కదా, ఆ మాదిరి. గుంట ఒకసారి చేసి పెట్టుకుంటే ఎన్ని ఇడ్లీలైనా ఒకే తీరుగా వస్తాయి. చేత్తో ఒక్కో ఇడ్లీని గుండ్రంగా చెక్కుతా కూర్చుంటే ఎప్పటికి తినేది?"

"అట్లాంటి డై మా నాయిన దగ్గర ఉన్నదా సార్?"

సార్ నవ్వు తగ్గింది. "అది తర్వాత. నీవు మాటిచ్చినట్టు మీ నాయనకు తెలుసునా?"

ప్రవళిక కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీసింది.

"పదండి, కారెక్కండి. చేతులు మాత్రం యాడా ఆనించొద్దు."

ఇద్దరూ దొరికిన దొంగల్లా రెండు చేతులూ పైకెత్తి వెనక సీట్లో కూర్చున్నారు. అది సార్ కొత్తగా కొన్న తెల్ల కారు. చిన్నది. ఎటునుంచి చూసినా డబ్బా మీద డబ్బా పెట్టినట్టు ఉంటుంది.

"నాన్నా, మన కారును కూడా ఆ క్యాలెండర్ కారు మాదిరి చేసి ఉండొచ్చు కదా?" అన్నాడు హేమంత్. చాలా రోజులుగా కడుపులో ఉన్న ప్రశ్న అది.

"చేసేవాళ్ళకు ఆ బొమ్మ తెలీదనుకున్నావా? వాళ్ళూ చూసి మురిసే ఉంటారు. కానీ ఆ కారు ఏ కొద్దిమందికో చేస్తారు. ఎక్కడికక్కడ వంపులు, మలుపులు. ఒక్కోదాని మీద ఎంతోమంది ఎన్నో రోజులు కూర్చోవాల. మన కారు అట్ల కాదు. దేశంలో లక్షల ఇళ్ళ ముందు నిలబడాల. అచ్చు టపీమని దిగాల, రేకు టపీమని రావాల. సాదాగా ఉంటేనే అట్ల వస్తాది. అందుకే మనబోటివాళ్ళం కొనగలిగినాము."

"అయినా కొంచెం కిందికి ఉంటే బాగుంటుండె సార్" అంది ప్రవళిక. చేతులు పైనే ఉన్నాయి.

"బాగుంటాది. మరి మీ అవ్వ మాట ఏమిరా హేమంతూ? అనంతపురం నుంచి శనక్కాయల మూటతో దిగుతాది. నడుము వంగదు. ఆ కారెక్కాలంటే ఆమె రోడ్డు మీద పడుకుని లోపలికి దొర్లాల. ఇంక మూటను యాడ పెడతావు, నెత్తినా?"

అప్పుడే స్పీడ్ బ్రేకర్ వచ్చింది. కారు లేచి దిగింది.

"చూసినారా? ఆ ఎర్రదైతే పొట్టను ఈడనే వదిలేసి, తలకాయ ఒకటే వర్క్‌షాపుకు పోతాది!"

వర్క్‌షాపులో రాజన్న పనిముట్లు సర్దుతున్నాడు. సార్‌ను చూసి లేచాడు. కూతురి చేతులు చూసి కంగారుపడ్డాడు. ప్రవళిక ఈసారి గబగబా చెప్పలేకపోయింది. ఆగి ఆగి చెప్పింది.

అంతా విని రాజన్న కసరలేదు. కసరినా బాగుండేది.

"మాట ఎవరిచ్చిండ్రు బిడ్డా?"

"నేను."

"చెయ్యాల్సిన చేతులెవరివి?"

ప్రవళిక ఆ చేతుల వైపు చూసింది. ఎడమచేతి బొటనవేలి గోరు కమిలి నల్లగా ఉంది. అరచేతిలో రేకు కోసిన గీతలు. పదకొండు సాయంత్రాలూ ఆయన పక్కనే కూర్చుంది. కారునే చూసింది. ఈ చేతుల్ని చూడలేదు.

"నీవి" అంది, వినీ వినబడకుండా.

"మరి నన్నడిగినవా?"

"నీకు ఏదైనా చేయొస్తది గద నాయినా..."

"చేయొస్తది. అయినా నాకు తీరిక ఉన్నదా, తీరుతదా లేదా అని ఒక్క మాట అడగాలె గద."

ప్రవళికకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోబోయి చేతులు నల్లగా ఉన్నాయని గుర్తొచ్చి ఆగింది. రాజన్నే తన భుజం మీది తువ్వాలతో తుడిచాడు.

"సరే. నీ మాట పోవద్దు, నా చేతులూ పోవద్దు" అని సార్ వైపు తిరిగాడు. "సారూ, ప్రాక్టికల్స్ అయినంక చేతిప్రెస్సు వాడుకుంట. ఇస్తరా?"

"వాడుకో రాజన్నా. స్క్రాపులో రేకు ముక్కలు ఉండాయి, తీసుకో."

"కాని బిడ్డా, గీ ఎర్ర కారైతే రాదు. ఇంకో కారు గీయాలె. గీసేది నువ్వే."

ప్రవళిక అక్కడికక్కడే కాగితం పట్టుకుంది. గీసింది. మళ్ళీ ఎర్ర కారే వచ్చింది! రాజన్న వేలు పెట్టి చూపించాడు. "గీ రెక్క లోపటికి మలిగింది. పై అచ్చు రేకును పట్టుకుని కిందికి దిగుతది. మళ్ళ పైకి ఎట్ల రావాలె? చిక్కుకుంటది."

రెక్క తీసేసింది.

"గీ ముక్కు చూడు, సూది లెక్కున్నది. రేకు గంత సాగదు."

"ముక్కు తియ్య! గదే అందం. గది గూడ తీస్తే ఏం మిగుల్తది?"

రాజన్న వాదించలేదు. బుధవారం ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని, గట్టి తుమ్మచెక్కతో అచ్చు చెక్కాడు. కింద గుంట ముక్క, పైన ఆ గుంటలోకి దిగే ముక్క. కూతురు గీసినట్టే ముక్కు సూదిగా పెట్టాడు.

గురువారం సాయంత్రం మొదటి రేకు పెట్టారు. చేతిప్రెస్సు అంటే ఇంజనూ కరెంటూ లేని ఇనుప యంత్రం. నడుమ లావుపాటి మర. పైన అడ్డంగా ఒక కడ్డీ. కడ్డీ రెండు చివర్లా కొబ్బరికాయలంత ఇనుప గుండ్లు. కడ్డీని పట్టి తిప్పితే మర తిరుగుతూ అచ్చు దిగుతుంది. రాజన్న పిల్లలిద్దర్నీ రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడమన్నాడు.

తిప్పాడు. టప్పుమంది. వెంటనే పర్రుమంది.

పూరీపిండిని మరీ లాగితే మధ్యలో చిల్లు పడుతుంది చూడండి, అట్లా కారు ముక్కు చినిగి నోరు తెరిచింది. రెండోదీ అంతే. మూడోది చినగలేదు గానీ లోపల ఇరుక్కుంది. రాజన్న లాగాడు, రాలేదు. రాజన్నను పట్టుకుని సార్ లాగాడు, రాలేదు. సార్‌ను పట్టుకుని పిల్లలిద్దరూ లాగారు. ఇంకాస్త గట్టిగా లాగి ఉంటే కారు రాకపోయినా వర్క్‌షాపు గోడలు ఊడి వచ్చేవి.

గడియారంలో అయిదు దాటింది. మిగిలింది శుక్రవారం ఒక్కటే.

ప్రవళిక చినిగిన రేకు తీసి చూసింది. కిటికీలోంచి సార్ తెల్ల కారు కనబడుతోంది. ఎన్నోసార్లు చూసిన కారే. ఇప్పుడు వేరేగా కనబడింది. బయటికి నడిచి వెళ్ళి దాని చుట్టూ తిరిగింది. ముందు భాగం మెల్లగా వాలింది. ఎక్కడా లోపలికి మలగలేదు. తలుపు దాదాపు సపాటుగా ఉంది. కాకపోతే దాని మీద ముందు నుంచి వెనక దాకా ఒక పొడుగాటి మడత.

"నాయినా, తలుపు మీద గీ గీత ఎందుకు పెట్టిండ్రు? అందానికా?"

"అందానికి గూడ. కాని అసలు బలానికి. సపాటు రేకు వేలితోని ఒత్తితే లోపటికి పోతది. ఒక్క మడతేస్తే నిలబడ్తది."

"అయితే ఎవరో కూసోని గిదంత ఆలోచన చేసిండ్రు."

"ఆలోచించకుంట ఎట్ల అయితది బిడ్డా? డబ్బా లెక్క కనబడ్తదిగని, డబ్బా కాదు. గంత సాదాగ చేసుడే కష్టం."

ప్రవళిక లోపలికి వచ్చి కొత్త కాగితం తీసింది. ముక్కు పొట్టిగా చేసింది. వాలు మెల్లగా పెట్టింది. పైకప్పు ఎత్తుగా లేపింది, హేమంత్ వాళ్ళ అవ్వ ఎక్కాలి గనక. నేలకు పొట్ట తగలకుండా కింద జాగా వదిలింది. ఆఖరున తలుపు మీద స్కేలు పెట్టి ఒక గీత గీసింది.

"మనదానికి గూడ ఒక మడత పెడుదమా నాయినా?"

రాజన్న ఆ కాగితం అందుకుని చాలాసేపు చూశాడు. వారంలో మొదటిసారి పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వాడు. కాగితాన్ని సార్‌కు చూపించాడు. "చూసిండ్రా సారూ? మడత పెట్టాల్నంట!" అదే మాట సార్‌కు మూడుసార్లు చెప్పాడు. సార్ మూడుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నాడు.

రాజన్న ఆ సాయంత్రమే ఇరుక్కున్న రేకును ఊడబెరికి, అచ్చు ముక్కు అరగదీసి, పక్కల మడత చెక్కాడు. శుక్రవారం నాలుగింటికి మళ్ళీ కడ్డీ తిప్పాడు.

టప్!

రేకు బయటికొచ్చింది. చినగలేదు. చిక్కలేదు. నున్నగా, బుద్ధిగా, చిన్న కారు. ప్రవళిక దాన్ని వేలితో నొక్కి చూసింది. మడత దగ్గర రేకు కిక్కురుమనలేదు.

ఇక ఆపేదెవరు? టప్, టప్, టప్! ఆ చప్పుడుకు రామంతాపూర్ టీవీ కేంద్రంలో వార్తలు చదివే ఆమె మధ్యలో ఆగి చుట్టూ చూసి ఉంటుంది. గంటన్నరలో ముప్పై రెండు కార్లు బల్ల మీద బారుగా నిలబడ్డాయి. చక్రాలకు కూల్ డ్రింక్ సీసాల మూతలు. తార్నాక చౌరస్తాలో దుకాణం దుకాణం తిరిగి హేమంత్ నూట ఇరవై ఎనిమిది మూతలు పోగుచేశాడు. ఇరుసులకు పాత సైకిలు పుల్లలు. వర్క్‌షాపు కిటికీలకు వేయగా మిగిలిన నీలం రంగు. సాలమ్మ కూడా వచ్చి కొంగు బిగించి రంగు వేసింది, నల్లాను తలుచుకుని సణుగుతూనే.

శనివారం వరండాలో రెండు అట్టపెట్టెలు తెరుచుకున్నాయి.

"ఏయ్, గిది గా కారు కాదు!" అని ముఖేష్ అరిచాడు. "గిది డబ్బా లెక్కున్నది!"

అందరూ ప్రవళిక వైపు చూశారు. సోమవారం ప్రవళికైతే చెవులు ఎర్రబడి ఇంకో ముప్పై రెండు మాటలిచ్చేసేది.

"గా కారు కాదు" అంది ప్రవళిక. "గా కారు మా నాయిన పదకొండు పొద్దులు కొట్టిండు. ఆయన వేలు గూడ కమిలింది. నేను ఆయన్ని అడగకుంటనే మీకు మాటిచ్చిన. తప్పు నాది. గిది అందరికీ అయ్యే కారు. గీసింది నేను, అచ్చు చేసింది మా నాయిన."

ముఖేష్ తన కారును తిరగేశాడు. బోర్లించాడు. చక్రాల వెనక వెతికాడు. ఏ కంపెనీ పేరూ లేదు, ఏ దుకాణం చీటీ లేదు. గోటితో మడతను గీకాడు. తర్వాత మెల్లగా, "మీ నాయిననే చేసిండు" అన్నాడు.

పందెం మొదలైంది. నున్నటి వరండాలో ఎర్ర కారు బాణంలా దూసుకుపోయింది. అందరూ ఓ అని అరిచారు. చివర గడప దగ్గర దాని పొట్ట ఇరుక్కుంది. వెనకనుంచి నీలం కార్లు గడగడా వచ్చి గడప ఎక్కి, దిగి, వెళ్ళిపోయాయి. అందరికంటే గట్టిగా నవ్వింది ప్రవళికే.

నవ్వుతుంటే స్తంభం పక్కన ఒక పిల్లవాడు కనబడ్డాడు. కొత్త యూనిఫాం, మడతలు కూడా పోలేదు. సామేలు. నిన్ననే బడిలో చేరాడు. చేతిలో కారు లేదు. అడగలేదు కూడా. చక్రాలనే చూస్తున్నాడు.

"వీనికి లేదు!" అన్నాడు ముఖేష్. "ప్రవళికా, ఒక్కటే గద. మీ నాయిన చేస్తడని చెప్పెయ్. టకటక అయితది."

"మా నాయినను అడిగి చెప్త" అంది ప్రవళిక.

మధ్యాహ్నం బడి వదిలాక సామేలును వెంటబెట్టుకుని వర్క్‌షాపుకు నడిచింది. రాజన్న అప్పుడే చేతులు కడుక్కుని మెట్టు మీద అన్నం గిన్నె తెరిచాడు.

"నాయినా, గీ పిల్లగాడు సామేలు. కొత్తగ చేరిండు. ఇంకొక కారు కావాలె. నీకు తీరుతదా? తీరకుంటే సోమవారం అడుగుత."

రాజన్న తినబోయిన ముద్దను అట్లాగే పట్టుకుని కూతురిని చూశాడు. తర్వాత సామేలు వైపు తిరిగాడు. "గీమె మా బిడ్డ. కారు గీసింది గీమెనే, ఎరికేనా?" అన్నాడు. "తీరుతది బిడ్డా. అన్నం తిన్నంక చేద్దాం."

ప్రవళికా సామేలూ కింది మెట్టు మీద కూర్చున్నారు. ఆ రోజు రాజన్న తిన్నంత నిదానంగా తార్నాకలో మరెవరూ అన్నం తిని ఉండరు. మెతుకు మెతుకునూ పేరు పెట్టి పిలిచి మరీ తిన్నాడు. ప్రవళిక ఒక్కసారి కూడా "అయిందా నాయినా?" అని అడగలేదు.